శాంతి మాట తరువాత, ముందు గుడి లెక్క

మతాలన్నీ శాంతినే బోధిస్తాయన్న మాట మన సభల్లో ఎంత తరచుగా వినిపిస్తుందో, దాని వల్ల జరిగే మేలు అంత తక్కువ. ఆ మాట అబద్ధమని నేను అనను. ఏ మత గ్రంథం తెరిచినా కరుణ, క్షమ, పొరుగువారి పట్ల మెలగవలసిన తీరు కనిపిస్తాయి. అయితే ఆ గ్రంథాల్లోనే యుద్ధాలూ, శాపాలూ, అన్యుల పట్ల కాఠిన్యమూ కూడా ఉంటాయి. ఎవరికి కావలసిన వాక్యాన్ని వారు ఎత్తి చూపగలరు కనుక, గ్రంథం ఏం చెప్పిందన్న వాదనతో ఒక మతం ప్రజాస్వామ్యానికి తోడవుతుందో అడ్డవుతుందో తేల్చడం సాధ్యం కాదు. భక్తి గల తెలుగు కుటుంబంలో పుట్టి, చెన్నైలోనే పెరిగి, ఈనాటికీ గుడికి వెళ్ళే మనిషిగా నేను అడగదలచుకున్నవి వేరే ప్రశ్నలు. ఈ మతసంస్థ తన సొమ్ముకు ఎవరికి లెక్క చెబుతోంది? తన గడప లోపలికి ఎవరిని రానిస్తోంది? ఏలేవారి కొలువుకు ఎంత దూరంలో నిలబడుతోంది? ఇన్నేళ్ళుగా చదివినదీ, ఈ నగరంలో కళ్ళారా చూసినదీ కలిపి ఆలోచిస్తే, మతం శాంతికి పనికివచ్చిన ప్రతి సందర్భంలోనూ ఈ ప్రశ్నలకు అది కొంతైనా నిజాయితీగా జవాబు చెప్పిందనీ, మతం చేతులు నెత్తురు మరకలైన ప్రతిచోటా వీటిని దాటవేసిందనీ నాకు గట్టిగా అనిపిస్తోంది.

చెన్నైకి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో, కాంచీపురం జిల్లాలో ఉత్తిరమేరూరు అనే ఊరు ఉంది. అక్కడి వైకుంఠ పెరుమాళ్ ఆలయం గోడల మీద మొదటి పరాంతక చోళుని కాలంలో, క్రీ.శ. 919లోనూ 921లోనూ చెక్కించిన శాసనాలు ఉన్నాయి. ఊరి సభకు చెందిన వారియాలను, అంటే చెరువుల సంగతి, తోటల సంగతి, సంవత్సరపు పనుల సంగతి చూసే సంఘాలను ఎలా ఎన్నుకోవాలో ఆ శాసనాలు వివరంగా చెబుతాయి. ఊరిని 30 వార్డులుగా విభజించేవారు. అర్హులైన వారి పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసేవారు. సభ అంతా చూస్తుండగా ఒక చిన్నపిల్లవాడి చేత ఆకు తీయించి, అందరికీ వినబడేలా పేరు చదివేవారు. ముప్పై అయిదేళ్ళు నిండనివారు, డెబ్బై దాటినవారు పనికిరారు. గడిచిన మూడేళ్ళలో సంఘంలో పనిచేసినవారికి మళ్ళీ అవకాశం లేదు. వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకునే నిబంధన మరొకటి ఉంది. మునుపు సంఘంలో ఉండి లెక్కలు అప్పగించనివాడు తాను అనర్హుడు కావడమే కాదు, అతని దగ్గరి బంధువులు కూడా అనర్హులే. వెయ్యేళ్ళ నాడు ఒక ఊరివారు ఈ మాటను కావాలనే దేవుడి ఇంటి గోడ మీద, పూజకు వచ్చే ప్రతివాడి కంటా పడేచోట చెక్కించారు.

ఈ శాసనాలను చూపించి ప్రజాస్వామ్యం మన దగ్గరే పుట్టిందని గర్వపడేవారు చాలామంది ఉన్నారు. ఆ గర్వంలో నాకూ వాటా ఉంది. కానీ మిగిలిన సగం కూడా చదవాలి. ఆ సభ బ్రాహ్మణుల సభ. అభ్యర్థికి పన్ను కట్టే సొంత భూమి, సొంత ఇల్లు, వేద పరిజ్ఞానం ఉండి తీరాలి. పొలంలో నాగలి పట్టినవారికీ, చెరువుకట్ట మీద మట్టి మోసినవారికీ ఆ కుండలో ఆకు లేదు. స్త్రీల మాటే రాదు. అంటే ఆ గుడి గోడ నా ప్రశ్నల్లో ఒకదానికి గొప్పగా జవాబు చెప్పి, మరొకదాని దగ్గర మౌనంగా ఉండిపోయింది. లెక్క చెప్పడం వారికి తెలుసు, గడప తెరవడం తెలియలేదు. ఒక్కదానితో సరిపెట్టుకున్న మతసంస్థ ఎంత చక్కగా నడిచినా, అది కొందరి కోసం నడిచే చక్కని సంస్థగానే మిగులుతుంది.

లెక్కల విషయంలో చెన్నై తెలుగువారు ప్రత్యేకంగా తలచుకోవలసిన మనిషి పానగల్ రాజా. టి. నగర్‌లోని పానగల్ పార్కు పక్కగా రోజూ నడిచే మనవాళ్ళలో, కాళహస్తిలో పుట్టిన పానగంటి రామరాయణింగారు 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా పనిచేశారనీ, 1925లో వచ్చిన హిందూ ధర్మాదాయ చట్టం ఆయన ప్రభుత్వం తెచ్చినదేననీ తెలిసినవారు తక్కువ. దేవాలయాల ఆదాయ వ్యయాల మీద ఒక మండలి పర్యవేక్షణ ఉండాలన్న ఆ ఆలోచన ఆనాడు పెద్ద దుమారమే రేపింది. అది మతంలో ప్రభుత్వ జోక్యమని కొందరు, ధర్మకర్తల స్వేచ్ఛకు భంగమని కొందరు ఎదిరించారు. ఆ వాదన నూరేళ్ళు నిండినా చల్లారలేదు. గుడులను ప్రభుత్వం చేతి నుంచి విడిపించాలన్న కోరిక ఇప్పుడు దేశమంతటా వినిపిస్తోంది. ఆ కోరికలో న్యాయమైన అంశం ఉందనే నేను అనుకుంటాను, ఎందుకంటే ఏలేవారి కొలువుకు గుడి మరీ దగ్గరైతే ఏమవుతుందో ముందు ముందు చెప్పబోతున్నాను. కానీ విడిపించి ఎవరి చేతిలో పెడతారన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు రానంత వరకు ఆ కోరికకు నేను మద్దతు ఇవ్వలేను. అధికారి చేతి నుంచి తీసి, నాలుగు కుటుంబాల చేతికో ఒక పీఠాధిపతి చేతికో అప్పగిస్తే భక్తుడికి దక్కేదేమీ ఉండదు. భక్తులే సభ్యులుగా, భక్తులే ఎన్నుకున్నవారు నిర్వాహకులుగా, ఏటా లెక్కలు బహిరంగంగా చదివే ఏర్పాటు ఉంటేనే అది విముక్తి అవుతుంది.

ఇది దూరపు సంగతి కాదు. చెన్నై శివార్లలో నేను ఎరిగిన ఒక భజన మందిరం ఉంది. తెలుగువారు చందాలు వేసుకుని కట్టుకున్నది. ఒక శ్రీరామనవమి తరువాత జరిగిన సమావేశంలో, కొత్తగా ఆ ప్రాంతానికి వచ్చిన ఒక అమ్మాయి కల్యాణానికి వసూలైన సొమ్ము వివరాలు అడిగింది. "స్వామి సొమ్ముకి లెక్క స్వామే చూసుకుంటాడమ్మా" అన్నారు ఒక పెద్దాయన. "స్వామి ఎలాగూ చూస్తాడు బాబాయిగారూ, ఇచ్చినవాళ్ళం మనమూ చూడాలి కదండీ" అంది ఆమె, గొంతు పెంచకుండానే. గదిలో చాలామంది ముఖాలు చిట్లించారు. ఆమెకు దైవభయం లేదన్నారు. నిజానికి ఆ గదిలో ఉత్తిరమేరూరు శాసనానికి వారసురాలు ఆమె ఒక్కతే. దేవుడి పేరుతో కూడిన సొమ్మును ప్రశ్నించడం పాపమని నేర్పే మందిరం, పన్నుల సొమ్మును ప్రశ్నించగల పౌరులను తయారు చేయలేదు. వారంలో ఒక పూట అణిగిమణిగి ఉండడం అలవాటు చేసుకున్న మనసు, ఓటు వేసే రోజున ఉన్నట్టుండి తల ఎత్తుతుందని ఆశించడం అత్యాశ.

గడప సంగతికి వస్తే, అది ఎంత లోతుగా రాజ్యంలోకి చొచ్చుకుపోతుందో దక్షిణాఫ్రికా చరిత్ర చూపినంత స్పష్టంగా మరే చరిత్రా చూపదని నా అభిప్రాయం. 1857లో అక్కడి డచ్ రిఫార్మ్డ్ చర్చి పెద్దలు సమావేశమై ఒక తీర్మానం చేశారు. తెల్లవారూ నల్లవారూ కలిసి ఆరాధించడమే వాక్యానుసారమని ఆ తీర్మానమే ఒప్పుకుంది. అయితే కొందరి బలహీనత కారణంగా విడివిడిగా ఆరాధన జరుపుకోవచ్చని అనుమతించింది. ఎవరి బలహీనత? నల్లవారి పక్కన కూర్చుని ప్రభువు రొట్టె తీసుకోలేని తెల్లవారిది. ఆ బలహీనతకు ఇచ్చిన మినహాయింపు కొద్ది దశాబ్దాల్లోనే నియమంగా గట్టిపడింది, జాతికొక చర్చి ఏర్పడింది. 1948లో అపార్తీడ్, అంటే జాతులను వేరుచేసి పాలించడం, ప్రభుత్వ విధానమైనప్పుడు దానికి దైవశాస్త్రపు సమర్థన సిద్ధంగా ఉంది. ఆరాధనలో మొదలైన ఎడబాటు బడికీ, ఆసుపత్రికీ, సముద్రతీరానికీ, ఓటుహక్కుకూ పాకింది. దానికి విరుగుడు కూడా ఆ గ్రంథాన్ని చేతపట్టుకున్నవారి నుంచే వచ్చింది. 1982లో ప్రపంచ రిఫార్మ్డ్ చర్చిల కూటమి ఒట్టావాలో సమావేశమై, అపార్తీడ్‌ను దైవశాస్త్రంతో సమర్థించడం మతవిరుద్ధమని ప్రకటించింది. అల్లన్ బోసాక్, డెస్మండ్ టూటూ వంటి ఆ దేశపు క్రైస్తవ మతగురువులు బోధపీఠం మీద నుంచి వీధిలోకి నడిచారు. అపార్తీడ్ కూలిన తరువాత టూటూ అధ్యక్షతన ఏర్పడిన సత్య, సయోధ్య కమిషన్ పోలీసులనూ సైనికులనూ విచారించి ఊరుకోలేదు. 1997 నవంబరులో ఈస్ట్ లండన్‌లో మత సంస్థలనే పిలిచింది. చర్చిలు, ఇతర మతాల ప్రతినిధులు వచ్చి, ఆ కాలంలో తాము ఏం చేశామో, ఏం చేయకుండా ఊరుకున్నామో పదిమందిలో చెప్పుకున్నారు. ఒక మతం రాజ్యాన్ని నీతి అడగడం చరిత్రలో చాలాసార్లు జరిగింది, మతమే బోనులో నిలబడి జాతికి లెక్క చెప్పడం మాత్రం అరుదు. ఆ దేశంలో ప్రజాస్వామ్యం వేళ్ళూనడానికి ఆ కొద్ది రోజుల విచారణ కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

మన గడపల సంగతి దీనికి తక్కువేమీ కాదు. మైలాపూరులో రాయపేట హైరోడ్డు మీద, బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న దీక్షకు కూర్చుని డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. ఆంధ్ర రాష్ట్రం కోసం చేసిన త్యాగంగానే మనం దాన్ని స్మరిస్తాం. అంతకు ఆరేళ్ళ ముందు, 1946లో, ఆయన నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితులకు ప్రవేశం కావాలని నిరాహారదీక్ష చేశారు. ఆ తరువాతి కాలంలో హరిజనోద్ధరణ నినాదాలు రాసిన అట్టలు తగిలించుకుని, చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు వీధుల్లో ఎండలో తిరిగారు. ఈ రెండు దీక్షలనూ నేను విడదీసి చూడలేను. ఉపవాసం మన మతజీవితంలోంచి వచ్చిన సాధన. దాన్ని మొదట గుడి తలుపు ముందు ప్రయోగించిన మనిషే తరువాత ఢిల్లీ ముందు ప్రయోగించాడు. రాజ్యాంగ మార్గాలు తెరుచుకున్నాక సత్యాగ్రహాలు కూడదని అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించిన సంగతి నాకు తెలుసు. ప్రాణం పణంగా పెట్టి ప్రభుత్వాన్ని ఒప్పించడం ప్రజాస్వామ్యానికి సరిపడే పద్ధతేనా అన్న సందేహం న్యాయమైనదే. ఆ మరణం తరువాత ఆంధ్ర జిల్లాల్లో చెలరేగిన అల్లర్లలో, కాల్పుల్లో ప్రాణాలు పోయిన మాటా నిజమే. అయినా గుడి ముందు చేసిన దీక్ష విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. లోపలివారు తలుపు తీయనప్పుడు బయటివారికి చట్టసభ దొరకదు, ఓటు దొరకదు. అక్కడ మిగిలేది అంతరాత్మను తట్టడమొక్కటే. శ్రీరాములును ఆంధ్రుల ఆత్మగౌరవానికి ప్రతీకగా పూజిస్తూ, మూలాపేట గుడి ముందు కూర్చున్న శ్రీరాములును మరచిపోవడం ఆయనకు మనం చేస్తున్న అన్యాయం.

గడపను లోపలివారే కలిసి వెడల్పు చేసుకున్న సందర్భం కూడా ఈ నగరంలోనే ఉంది. 1947 సెప్టెంబరు 27న, దేశ విభజన జరిగి ఆరువారాలు గడిచి, పంజాబు నెత్తుటిలో మునిగి ఉన్న వేళ, చెన్నై సెయింట్ జార్జి కతీడ్రల్‌లో దక్షిణ భారత సంఘం, అంటే సి.ఎస్.ఐ. చర్చి, ఆవిర్భవించింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవారు శతాబ్దాల నాటి తమ తగవులను ఐరోపాలోనే వదిలేసి ఒక్క సంఘంగా చేరారు. 1919లో తరంగంబాడిలో మొదలైన ఈ ప్రయత్నాన్ని భుజాన మోసినవారిలో ముఖ్యుడు వి. ఎస్. అజరయ్య. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన తెలుగునాట డోర్నకల్‌లో బిషప్పుగా జీవితం గడిపి, కల ఫలించడానికి రెండేళ్ళ ముందు, 1945లో కన్నుమూశారు. అంతటి చర్చలో అతి కష్టమైన ముడి బిషప్పుల గురించినదే. కొందరికి బిషప్పు లేనిది సంఘమే లేదు, కొందరికి బిషప్పు పెత్తనమంటేనే గిట్టదు. చివరికి బిషప్పు ఉంటాడు గానీ నియమావళికి కట్టుబడి, విశ్వాసుల ప్రతినిధులున్న సభలతో కలిసి పనిచేస్తాడని ఒప్పుకున్నారు. మన దేశపు రాజ్యాంగం ఢిల్లీలో తయారవుతున్న కాలంలోనే ఒక మతం తన అధికారాన్ని తానే రాతలో బంధించుకోవడం నాకు గొప్ప విషయంగా తోస్తుంది. ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్పుగా ఇ. పుష్పలలిత మన నంద్యాల డయోసిస్‌లో అభిషేకం పొందడానికి మాత్రం 2013 దాకా ఆగవలసి వచ్చింది. ఆస్తుల గురించి, పదవుల గురించి ఆ సంఘంలోనూ కోర్టు తగాదాలు నడుస్తూనే ఉన్నాయి. నియమావళి మనుషులను దేవతలను చేయదు. తగాదా వచ్చినప్పుడు ఏ కాగితం తెరవాలో చెబుతుంది.

ఇక కొలువుకు దూరంగా ఉండడం. తూర్పు జర్మనీలో పాలక కమ్యూనిస్టు పార్టీ అదుపులో లేని గది ఏదైనా ఉందంటే అది చర్చిలోనే ఉండేది. లైప్‌జిగ్ నగరంలోని నికొలాయ్ చర్చిలో ప్రతి సోమవారం శాంతి కోసం జరిగే ప్రార్థనలకు విశ్వాసులే కాదు, దేవుణ్ణి నమ్మనివారు కూడా వచ్చేవారు. 1989 అక్టోబరు 9న ఆ ప్రార్థన ముగిశాక దాదాపు 70 వేల మంది వీధుల్లోకి వచ్చారు. సాయుధ బలగాలు సిద్ధంగా ఉన్నా కాల్పులు జరగలేదు. సరిగ్గా నెలకు, నవంబరు 9న, బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఆ చర్చి అధికారంలో వాటా అడగలేదు గనుకనే, అధికారం లేనివారికి నిలువనీడ ఇవ్వగలిగింది.

దీనికి ఎదురుగా మయన్మార్‌ను పెట్టి చూడాలి. 2007 సెప్టెంబరులో వేలాది బౌద్ధ భిక్షువులు రంగూన్ వీధుల్లో నడిచారు. సైనిక పాలకుల నుంచి భిక్ష స్వీకరించబోమని భిక్షాపాత్రలు బోర్లించారు. రాజు దానం చేస్తే పుణ్యం, ఆ దానాన్ని తిరస్కరిస్తే రాజుకు ధర్మబలం పోతుంది. ఆయుధం లేని మనిషి చేయగల ఇంతకంటే పెద్ద ధిక్కారం నాకు తెలియదు. కొద్ది ఏళ్ళు తిరిగేసరికి ఆ దేశంలోనే మరికొందరు భిక్షువులు జాతినీ మతాన్నీ కాపాడాలంటూ సంఘం పెట్టి, మైనారిటీలను కట్టడి చేసే చట్టాల కోసం ఒత్తిడి తెచ్చారు. 2015లో ఆ చట్టాలు వచ్చాయి. 2017లో సైన్యం జరిపిన దాడులతో ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యా ముస్లింలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అంతకుముందే దేశం వదిలిన రోహింగ్యా కుటుంబాలు కొన్ని చెన్నై శివార్లలోని కేళంబాక్కంలో తలదాచుకుంటున్నాయి. కాషాయం అదే, త్రిపిటకాలు అవే, అహింసా సూత్రం అదే. పాత్ర బోర్లించినప్పుడు భిక్షువు ప్రజల వాడు, పాలకుల భయాలకు మంత్రాలు కట్టినప్పుడు సైన్యానికి సహాయకుడు. బౌద్ధం శాంతి మతమా కాదా అన్న చర్చ ఇక్కడ దేనికీ కొరగాదు.

మెజారిటీ మతం విషయంలో ఈ దూరం మరింత కష్టం, ఎందుకంటే జనమూ తనవారే, పాలకులూ తనవారే అయినప్పుడు తనను తాను అదుపు చేసుకోమని చెప్పేవారు ఉండరు. అందుకే ఇండోనేషియాను మనవాళ్ళు ఇంకా శ్రద్ధగా చదవాలని కోరుకుంటాను. 1945 ఆగస్టు 18న, స్వాతంత్ర్యం ప్రకటించిన మరునాడు, రాజ్యాంగ పీఠిక నుంచి ముస్లింలు షరియత్ పాటించాలన్న నిబంధనను తొలగించారు. తూర్పు దీవుల క్రైస్తవులు ఆ నిబంధన ఉంటే కలిసి ఉండలేమన్నప్పుడు మొహమ్మద్ హట్టా చొరవతో ముస్లిం నాయకులు దాన్ని వదులుకోవడానికి ఒప్పుకున్నారు. 1926లో పుట్టిన నహ్‌దతుల్ ఉలమా, 1912లో పుట్టిన ముహమ్మదియా అనే రెండు పెద్ద సంస్థలు బడులు, ఆసుపత్రులు నడుపుతూ కోట్లాది సభ్యులతో రాజ్యం పక్కన మరొక సమాజాన్నే నిర్మించాయి. నహ్‌దతుల్ ఉలమాకు నాయకుడిగా ఉన్న అబ్దుర్రహమాన్ వాహిద్ 1999లో దేశాధ్యక్షుడయ్యాక, చైనా సంతతివారి పండుగలు బహిరంగంగా జరపకూడదన్న 1967 నాటి ఆజ్ఞను 2000లో రద్దు చేశారు. 1965–66లో కమ్యూనిస్టులన్న పేరుతో జరిగిన ఊచకోతలో తమ సంస్థవారికి పాత్ర ఉన్నందుకు క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణ ఆయన అనుచరుల్లోనే చాలామందికి నచ్చలేదు. ఆ దేశం మచ్చలేనిదని నేను చెప్పడం లేదు. 2017లో జకార్తా గవర్నరుగా ఉన్న క్రైస్తవుడిని దైవదూషణ నేరం మీద రెండేళ్ళు జైలుకు పంపిన దేశమూ అదే. అయినా తనకు సంఖ్యాబలం ఉన్నచోట ఒక మతం తన కోరికను తానే తగ్గించుకుందన్న నిజం, మెజారిటీ మతంలో పుట్టిన నా వంటివాడికి ఎన్ని సుభాషితాలకన్నా విలువైన పాఠం.

యుద్ధాలు ఆపడంలో మతం చేసిన పని గురించి క్లుప్తంగానైనా చెప్పాలి. మొజాంబిక్‌లో పదహారేళ్ళ అంతర్యుద్ధాన్ని ఆపింది పెద్ద దేశాల సైన్యం కాదు. రోమ్‌లో సాంత్ ఎజీడియో అనే సామాన్య కాథలిక్కుల సంఘం, బెయిరా ఆర్చిబిషప్పు జైమే గొన్సాల్వెస్‌తో కలిసి, ఒక పాత కాన్వెంటులో ప్రభుత్వాన్నీ తిరుగుబాటుదారులనూ 27 నెలలు ఎదురెదురుగా కూర్చోబెట్టింది. 1992 అక్టోబరు 4న ఒప్పందం కుదిరింది, 1994లో ఎన్నికలు జరిగాయి. లైబీరియాలో 2003లో చర్చి నుంచి వచ్చిన స్త్రీలూ మసీదు నుంచి వచ్చిన స్త్రీలూ తెల్లబట్టలు కట్టుకుని మొన్రోవియా చేపల బజారు పక్కన ఎండలో, వానలో కూర్చున్నారు. వారి నాయకురాలు లేమా బోవీ తరువాత నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. ఘనా రాజధాని అక్రాలో శాంతి చర్చలు సాగకుండా నాయకులు కాలయాపన చేస్తుంటే, ఆ స్త్రీలే వెళ్ళి సభామందిరం తలుపుకు అడ్డంగా కూర్చున్నారు. ఆ ఆగస్టులో ఒప్పందం వచ్చింది. 2005 ఎన్నికలకు ఓటర్లను నమోదు చేయించడానికి కూడా స్త్రీలు సంతల వెంట తిరిగారు. ఈ రెండుచోట్లా మతం తెచ్చినది సిద్ధాంతం కాదు, ఓపికా నమ్మకమూ. తమకు పదవి అక్కరలేదని ఇరుపక్షాలకూ తెలిసినవారు మాత్రమే అంత ఓపికను కార్యంగా మార్చగలిగారు.

మతాన్ని ప్రజాజీవితం నుంచి పూర్తిగా బయట ఉంచడమే క్షేమమని వాదించే మిత్రులు నాకు ఈ నగరంలో చాలామంది ఉన్నారు, వారి వాదనను నేను తేలికగా తీసుకోను. భక్తి ఆత్మకు ముక్తి మార్గమేమో గానీ రాజకీయాల్లో నియంతృత్వానికి దారి అని అంబేద్కర్ నేను పైన చెప్పిన 1949 నాటి రాజ్యాంగ సభ ప్రసంగంలోనే అన్నారు, ఆ మాట ఏటేటా మరింత నిజమవుతోంది. కానీ ఆ ప్రసంగంలోనే ఆయన బౌద్ధ సంఘాల్లో కూర్చునే తీరుకూ, తీర్మానాలకూ, ఓట్ల లెక్కింపుకూ నియమాలుండేవని గుర్తు చేశారు. ఏడేళ్ళ తరువాత, 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షలాది మందితో కలిసి ఒక మతాన్నే ఎంచుకున్నారు. అంతేకాదు, తమిళనాట గుడి గడపలు కొంతైనా తెరుచుకోవడంలో నాస్తికుల వాటా ఎంతో ఉంది. 1924లో, ఇప్పటి కేరళలోని వైకోంలో గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కు కోసం జైలుకు వెళ్ళినవారిలో పెరియార్ ఒకరు. అన్ని కులాలవారూ అర్చకులు కావాలన్న ఆయన పట్టుదల నుంచి మొదలైన పోరాటమే 2021 ఆగస్టులో నియామక పత్రాల దాకా వచ్చింది. దేవుణ్ణి నమ్మని మనిషి నా గుడిని నాకంటే ముందుగా శుభ్రం చేయబూనుకున్నాడని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. బయట నిలబడి విమర్శించేవాణ్ణి శత్రువుగా చూసే మతానికి లోపలి మురికి కనిపించదు.

తిరువల్లికేణిలో 1795లో కట్టిన వాలాజా మసీదులో రంజాన్ నెల సాయంత్రాల్లో ఉపవాసం విరమించేవారికి, మైలాపూరులోని సూఫీదార్ సంస్థకు చెందిన సింధీ హిందువులు దశాబ్దాలుగా వండి తెచ్చి వడ్డిస్తున్నారు. విభజన నాడు ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చిన కుటుంబాల సంతతి వారిలో ఉన్నారు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో ఎవరి చేతి రొట్టె ఎవరు అందుకుంటున్నారో మతం అడగరు. ఇవి నాకు కళ్ళు చెమర్చే విషయాలు. కానీ రొట్టె పంచుకోవడంతో పని ముగిసిందనుకుంటే పొరపాటు. స్నేహం ఒక సాయంత్రపు కోపానికి చెదిరిపోవచ్చు. ఊరేగింపు ఏ వీధిలో వెళ్ళాలి, మైకు ఎంతసేపు మోగాలి, శ్మశానానికి దారి ఎవరిది అన్న తగవులు వచ్చిన రోజున, ముందే కలిసి కూర్చుని రాసుకున్న కట్టుబాటు ఒకటి ఉండాలి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద ఉన్న అశోకుని శాసనాల్లో పన్నెండవది, తన మతాన్ని అకారణంగా పొగుడుకోవద్దు, ఇతరుల మతాన్ని నిందించవద్దు, అలా చేసేవాడు తన మతానికే కీడు చేస్తాడు అంటుంది. గుడిలోనో మసీదులోనో చర్చిలోనో మైకు పట్టుకునే ప్రతివాడూ దీన్ని ప్రవర్తనా నియమంగా ఒప్పుకోవచ్చు.

తమిళనాడు దేవాదాయ చట్టం ప్రకారం ప్రభుత్వం నియమించే ఆలయ ధర్మకర్తల మండలిలో షెడ్యూల్డు కులాల నుంచో తెగల నుంచో ఒకరు, మహిళ ఒకరు తప్పనిసరిగా ఉండాలి. ఆ చట్టం పరిధిలోకి రాని భజన మందిరాలు, అపార్టుమెంట్ల ఆవరణల్లోని గుడులు, తెలుగు సంఘాల కల్యాణోత్సవ సమితులు ఈ నగరంలో లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి సభ్యత్వ పుస్తకం కూడా ఉండదు. వాటి నియమావళిలో మనంతట మనమే నాలుగు నిబంధనలు రాసుకోవాలని నేను కోరుతున్నాను. నిర్వాహకులను రెండేళ్ళకొకసారి సభ్యులందరూ ఓటుతో ఎన్నుకోవాలి, అందులో దళితులకూ స్త్రీలకూ స్థానం ఖాయంగా ఉండాలి. ప్రతి ఉగాదికీ ఆదాయ వ్యయాలు గోడ మీద అంటించాలి. ఏ పార్టీ అభ్యర్థినీ మందిరం వేదిక మీదకు ఓట్ల కోసం పిలవకూడదు. లెక్కలు అప్పగించనివారు మరుసటి ఎన్నికలో నిలబడకూడదు. ఆ అమ్మాయి ప్రశ్న అడిగిన మందిరంలో ఈ నిబంధనల ముసాయిదాను రాబోయే సర్వసభ్య సమావేశం ముందు పెట్టడానికి మేము కొందరం సంతకాలు సేకరిస్తున్నాము.